ఫ్లాపీకి పెట్టిన బొట్టు

17 సెప్టెంబరు 1988, శనివారం

విశ్వకర్మ పూజ. తెల్లవారే తలస్నానం. ఉతికిన పంచె. ఈ రోజు ఈ ఒడియా ఊరి ఫ్యాక్టరీలో లేతు మిషన్ల నుంచి పానాల వరకు దేనికీ పని లేదు, అన్నిటికీ బొట్టు.

నా వంతు కంప్యూటర్ గది. చెప్పులు బయట విడిచి, చందనం గిన్నె, కుంకుమ పొట్లం పట్టుకుని లోపలికి. టీవీలాంటి దాని నుదుట ఒకటి. మీటల పలక అంచున ఒకటి. ప్రింటరుకి ఒకటి.

సులోచన పూలు తెచ్చింది. గుణుపురం తెలుగమ్మాయి. రెండేళ్ళుగా ఇక్కడ టెంపరరీ ఆపరేటరు. దసరాకి పర్మనెంటు కాగితం వస్తుందని ఆఫీసంతా అనుకుంటోంది. మొన్న నేను దుమ్ము తుడుస్తుంటే బీరువాలోంచి రెండు నల్ల ఫ్లాపీలు తీసి చూపించింది. "తాతా, మిషన్ పడిపోతే దాని పేణం ఈ స్టార్టింగ్ ఫ్లాపీలోనే ఉంటాది. ఇది పెడితేనే మల్లీ లెగుస్తాది. అందుకే రెండు సేసి దాసేను."

ప్రాణం ఉన్నచోట బొట్టు లేకపోతే ఎలా... ఆమె ప్రసాదం తేవడానికి వెళ్ళింది. బీరువా తీశాను. తాళం నా దగ్గర ఒకటి, ఆమె దగ్గర ఒకటి. కాగితం తొడుగులోంచి లాగితే ఫ్లాపీకి కోలగా ఒక చిన్న కిటికీ, అందులో నిగనిగలాడే చోటు. మిగతాదంతా మొద్దు అట్ట. నిగనిగలాడే చోటే పెట్టాను. చందనం, దాని మీద కుంకుమ. రెండింటికీ. దండం పెట్టుకుని, ఆరాక తొడుగుల్లో పెట్టేశాను.

ఎవరికీ చెప్పలేదు. చెప్పేదేముంది.

18, ఆదివారం

వాన. బూంది మిగిలింది. మా ఆవిడ నరసమ్మ పక్క క్వార్టర్ వాళ్ళకి పంచింది.

21, బుధవారం

పొద్దున కరెంటు పోయింది. వచ్చింది. మళ్ళీ పోయింది. రెండోసారి వచ్చాక కంప్యూటర్ లేవలేదు. నల్ల తెర మీద ఒక ఇంగ్లీషు ముక్క, దాని పక్కన ఆరి వెలిగే చిన్న గీత. లోపలి సిస్టమ్ ఫైలు పోయిందని సులోచన చదివి చెప్పింది. "పరవాలేదు సార్. స్టార్టింగ్ ఫ్లాపీ ఉంది. అరగంట పని." నవ్వుతూనే అంది.

ఇన్‌చార్జి రావు గారు తనే పెడతానన్నారు. తొడుగు లాగి పారేసి, చూడకుండానే దూర్చి, పిడి తిప్పారు.

గరగర. తిరగలిలో ఇసక పోసినట్టు.

మళ్ళీ అదే ఇంగ్లీషు ముక్క. రెండోది పెట్టారు. గరగర.

తీసి ట్యూబులైటు కింద పట్టి చూశారు. కిటికీలో గుండ్రంగా గీతలు. ఎర్రటి పొడి.

ఆ గది చలి గది. నాకు వీపంతా చెమట.

రావు గారు ఫ్లాపీ వైపు ఇంక చూడలేదు. సులోచన నుదుటి మీద తిలకం చూశారు.

"అద్దం ముందు దిద్దుకున్న చేత్తోనే వీటినీ పట్టుకున్నావా? రెండింటినీ?"

"లేదు సార్. నాను కిటికీ కాడ సెయ్యెట్టను. అంచు పట్టుకునే తీస్తాను..."

"నాను! విన్నారా? నాను!" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "నోరు తిరగని దాని చేతికి మిషన్ ఇచ్చారు. మనల్ని అనాలి."

బీరువా రెండో తాళం అప్పన్న దగ్గర ఉంది కదా అని ఎవరో అన్నారు. రావు గారు నా వైపు తిరిగారు. గోడకి ఆనుకున్నాను.

"వీడా? వీడికి ఫ్లాపీకీ పలకకీ తేడా తెలీదు. చీపురు తప్ప ఇంకోటి ముట్టడు. ఏరా అప్పన్నా?"

"అవునండి" అన్నాను.

మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. సులోచన ఒక్కతే నవ్వలేదు. నన్ను అలా అన్నందుకు.

22, గురువారం

నరసమ్మతో చెప్పాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత పొడుగు మాట ఆవిడతో ఎప్పుడూ ఆడలేదు.

చేపలు తోముతోంది. చెయ్యి ఆపలేదు.

"నిన్ను ఎవులైనా అడిగేరేటి?"

లేదన్నాను.

"అడగంది సెప్పడానికి నీకు నోరెప్పుడొచ్చింది? సంత కాడ వంకాయలు బేరం ఆడలేవు. డిసెంబరు ఆకరికి రిటైరు. మచ్చ లేకుండా దిగిపో. ఆ పిల్లకి వొయిసుంది. ఇంకో పని దొరుకుతాది."

చేప తల బండ మీద పెట్టి ఒక్క దెబ్బ.

24, శనివారం

సులోచనకి మెమో ఇచ్చారు. సంజాయిషీ రాయాలి.

మధ్యాహ్నం ఆ కాగితం పట్టుకుని రికార్డు గదికి వచ్చింది. నేను ఫైళ్ళు కడుతున్నాను.

"తాతా, ఒక మాట అడుగుతాను, కోపం సెయ్యకు. పూజ రోజు బీరువా నువ్వేమైనా తీసేవేటి? ఆటికి గాని బొట్టెట్టేవా?"

దారం చేతిలో ఉంది. ముడి వేశాను. దాని మీద ఇంకో ముడి.

"లేదమ్మి."

ఊపిరి వదిలింది. "మరైతే సరే. అనుమానం ఒచ్చి అడిగేను. రాసీద్దునేమో గూడాను, నీ పేరు. నువ్వు అబద్దం ఆడవు. నా సెయ్యే ఎక్కడో తగిలీసుంటాది."

గుమ్మం దాటుతూ తన వేళ్ళ కొసలు తనే చూసుకుంది.

ఆ ముడి విప్పలేక కత్తిరించాల్సి వచ్చింది.

25, ఆదివారం

అన్నం సయించలేదు. నరసమ్మ కంచం తీసేసింది.

26, సోమవారం. రాయగడ

రిపేరు ఇంజనీరు దాస్ బాబు రాయగడలో ఉంటాడు. అతని దగ్గర మా దాని జాతి మిషనే ఉందట. అక్కడి నుంచి కొత్త స్టార్టింగ్ ఫ్లాపీ తేవాలి, పాడైనవి కూడా అతనికి చూపించాలి. రావు గారు నన్నే పంపారు. "నువ్వయితే దారిలో తెరిచి చూడవు" అన్నారు.

లక్ష్మీపూర్ ఘాటీలో బస్సు నత్తలా నడిచింది. ఒళ్ళో సంచి. సంచిలో ఆ రెండూ. కిటికీలోంచి విసిరితే లోయ. రెండు మలుపుల దాకా అదే అనుకున్నాను. మూడో మలుపులో పక్కనున్న మనిషి నిద్రలో నా భుజం మీద వాలాడు. కదల్లేదు.

దాస్ బాబు చిన్నవాడు. తెలుగు వచ్చీ రాక మాట్లాడతాడు. "రండి మౌసా, కూర్చోండి" అని, సొంత బాబాయిని పిలిచినట్టు, కుర్చీ లాగాడు. ఇన్నేళ్ళ కొలువులో ఏ ఇంజనీరూ నాకు కుర్చీ వెయ్యలేదు. అంచున కూర్చున్నాను. టీ తెప్పించాడు.

ఫ్లాపీ తీసి చూశాడు. గోటితో గీరాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మౌసా, ఇది తిలకం కాదు. చందనం. మీ దగ్గర పూజలో ఎవరో దీనికి కూడా పెట్టినారు." నవ్వాడు. ఎగతాళి కాదు, ముచ్చటగానే. "ఎవరు పెట్టినారు?"

"తెలీదు బాబూ."

"పాపం, భక్తితోనే పెట్టి ఉంటారు. అప్పుడే ఎవరికైనా చెప్పి ఉంటే రెండు నిమిషాల పని. మిషన్ బాగున్నప్పుడు ఇంకో ఫ్లాపీ చేసుకోవచ్చు. రావు బాబు ఫోనులో ఆ పిల్లను చాలా తిట్టినాడు. ఆమెది తప్పు కాదే."

నన్ను పక్కన నిలబెట్టి చూపించాడు. మిషన్ లేవగానే ముందు ఫ్లాపీ వైపు చూస్తుందట. అక్కడ ఏమీ లేకపోతే తన కడుపులో చూసుకుంటుందట. మా దాని కడుపులో లేవడానికి కావలసిన ఫైళ్ళే పోయాయి. అందుకని బయటి ఫ్లాపీతో లేపి, లేచాక దాని చేతే లోపల పోయినవి మళ్ళీ రాయించాలి. తర్వాత ఫ్లాపీ తీసేసినా తనంతట తనే లేస్తుంది. అర్థమైందా మౌసా అన్నాడు. అర్థమైందన్నాను. నిజంగానే అర్థమైంది.

కొత్త ఫ్లాపీ ఇచ్చాడు. డ్రైవులో అంటుకున్న పొడి తుడవడానికి స్పిరిటు సీసా, దూది. ఒక చీటీ మీద ఇంగ్లీషులో నాలుగు వరుసలు రాసి మడిచాడు.

"ఇది రావు బాబు చేతికే ఇవ్వండి. ఆపరేటర్ వల్ల కాదు, పూజ సామాను వల్ల అని రాసినాను. ఆ పిల్లకు పని వస్తుంది."

చొక్కా జేబులో పెట్టుకున్నాను.

తిరుగు బస్సు మజ్జిగౌరమ్మ గుడి దారి మొదట ఆగింది. అందరూ దిగి అక్కడి నుంచే దండం పెట్టుకున్నారు. నేను దిగలేదు.

27, మంగళవారం

రావు గారు స్పిరిటులో దూది ముంచి డ్రైవు లోపల తుడిచారు. దూది ఎర్రగా వచ్చింది. దాన్ని పుల్లకి గుచ్చి ఎత్తి పట్టుకున్నారు.

"చూడండి, సింగారం. మిషన్ కూడా పెళ్ళికూతురైంది."

సులోచన గోడ వైపు చూస్తోంది. ఇవాళ ఆమెకి బొట్టు లేదు. కడిగేసుకుని వచ్చింది.

కొత్త ఫ్లాపీ దూర్చారు. గరగర లేదు. చిన్న కూత. దీపం వెలిగింది, ఆరింది, వెలిగింది. తెర మీద అక్షరాలు. రావు గారికి మీటలు నొక్కడం రాదు. "ఏయ్, వచ్చి కొట్టు" అన్నారు. మెమో ఇచ్చినా చేతులు ఆమెవే కావాలి. ఆమె వచ్చి కూర్చుంది. టకటకా కొట్టింది. ఫైళ్ళు లోపలికి పోయాయి. ఫ్లాపీ తీసేసి, మిషన్ ఆర్పి, మళ్ళీ వేసింది.

లేచింది. తనంతట తనే.

అందరూ రావు గారితో చెయ్యి కలిపారు.

చీటీ జేబులో ఉంది. మూడుసార్లు చెయ్యి అక్కడికి వెళ్ళింది. మూడోసారి రావు గారు చూసి, "ఏరా, ఛాతీ నొప్పా?" అన్నారు. లేదండి అన్నాను.

28, బుధవారం

చీటీ విప్పి చూశాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలను. చివరి వరుసలో ఒక్క మాట తెలిసింది. పూజ.

ఈ పుస్తకంలో పెట్టాను.

3 అక్టోబరు, సోమవారం

విచారణ. బల్ల వెనక ముగ్గురు. రావు గారు పక్కన. బయట బెంచీ మీద సులోచన.

నన్ను లోపలికి పిలిచారు. నడుమ కూర్చున్న పెద్దాయన ఒడియావాడు. మెల్లగా అడిగారు. ఫ్లాపీలు నువ్వు ఎప్పుడైనా ముట్టావా?

"వాడెందుకు ముడతాడండీ" అన్నారు రావు గారు.

"అతన్ని చెప్పనివ్వండి."

ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద కాగితం అంచు లేచి పడుతోంది. పెద్దాయన తొందర పెట్టలేదు. నా కోసం ఆగారు. ఒక మనిషి నా మాట కోసం అంతసేపు ఆగడం...

"లేదండి."

రాసుకున్నారు. వేలిముద్రా, సంతకమా అని అడిగారు. సంతకం అన్నాను. గుండ్రటి అక్షరాలు పెట్టాను. చిన్నప్పుడు మా ఊరి పంతులు గారు నా దస్తూరి మెచ్చుకునేవారు.

బయటికి వస్తే సులోచన లేచి నిలబడింది. "భయపెట్టేరేటి తాతా? నా గురించి నీకు ఇబ్బంది ఒచ్చింది."

4, మంగళవారం

సెలవు పెట్టాను. జ్వరం లేదు.

7, శుక్రవారం

ఆర్డరు వచ్చింది. పదిహేనో తారీకు నుంచి సులోచన అక్కర్లేదు. పర్మనెంటు ఫైలు మూసేశారు. ఆ ఫైలు కట్టి అరలో పెట్టింది నేనే. పని అది.

ఇంట్లో చెబితే నరసమ్మ, "అయిపోయింది గదా. ఇంక తిను" అంది. పెరుగు వేసింది. తిన్నాను.

11, మంగళవారం

రావు గారు క్యాంటీనులో సులోచన లాగ మాట్లాడి చూపించారు. నాను, సెయ్యి, సూసేను. ముక్కుతో. బల్లలన్నీ నవ్వాయి. నేను మాట్లాడేదీ ఆ భాషే.

15, శనివారం

బస్టాండుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో... రాయగడ మీదుగా గుణుపురం బస్సు. ఆమె పెట్టె పైకి ఎక్కించాను.

చెప్పాలనే వెళ్ళాను. ఇక్కడ రాసుకోకపోతే ఇంకెక్కడ. చెప్పాలనే వెళ్ళాను.

"వచ్చేవా తాతా! ఆఫీసోలు ఒక్కలూ రాలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. నవ్వబోయింది. "మా అయ్య పొలానికి పోతాను. వరికి స్టార్టింగ్ ఫ్లాపీ అక్కర్లేదు గదా."

బస్సు మొరాయించింది. క్లీనరు చక్రం కింద రాయి తీయడానికి వంగాడు. అప్పుడు చెప్పొచ్చు. అంతసేపు ఉంది.

"కొత్త ఫ్లాపీకి జోడీ సేసి బీరువాలో పెట్టేను తాతా. మల్లీ మిషన్ పడిపోతే ఎవులికీ నా గతి పట్టకూడదు." కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "ఆ ఆఫీసులో నా మాట నమ్మింది నువ్వొక్కడివే."

బస్సు కదిలింది. చెయ్యి ఆమే వదిలింది.

16, ఆదివారం

ఏమీ లేదు.

19, బుధవారం

రేపు దసరా. ఆయుధ పూజ కంప్యూటర్ గదిలో కూడా చేయాలని రావు గారు పట్టుబట్టారు, మన తెలుగువాళ్ళ పద్ధతి అని. ఇవాళే కానిచ్చారు.

"అప్పన్నా, అన్నీ నువ్వే పెట్టు. నీ చెయ్యి మంచిది."

గిన్నె పట్టుకున్నాను. టీవీ నుదుట పెట్టబోతే చందనం అద్దం మీదికి జారింది.

"ముసలాడివైపోయావురా. ఇలా ఇవ్వు." ఆయనే పెట్టారు. తర్వాత బీరువా వైపు చూపించి అందరితో అన్నారు, "దాని జోలికి మాత్రం వెళ్ళకండి. ఎర్ర వేళ్ళు పెట్టినావిడ ఎక్కడుందో తెలుసుగా. గుణుపురంలో పేడ ఎత్తుతోంది."

బూంది పంచారు. తీసుకున్నాను. నమిలాను.

22, శనివారం

దాస్ బాబు సోమవారం వస్తాడట. సర్వీసింగుకి. పొద్దున బస్సులో.

మొదట అడిగేది చీటీ గురించే.

ఇంట్లో చెప్పాను. నరసమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. చెయ్యి చాపింది.

"ఆ కాయితం ఇలాగియ్యి."

ఇవ్వలేదు.

"ఇయ్యవా? పోనీ ఆ దొరసానికి పోస్టు సెయ్యి. దాన్ని పంపించీసేక, ఇప్పుడొచ్చిందేటి నీకు పౌరుషం! ఆ పిల్ల అడిగినప్పుడు ఉన్నాది గదా నోరు. లేదమ్మి అన్నాది."

ఆవిడ మాట ఎప్పుడూ తిన్నగా వెళ్ళి తగులుతుంది.

23, ఆదివారం

సులోచన కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చే నెల ఒకటిన కొత్త మనిషి వస్తాడట, రావు గారి ఊరివాడు. అంటే ఇంకా వారం ఉంది. పెద్దాయన ఉన్నారు. నా మాట కోసం ఆగిన మనిషి. చీటీ ఉంది. దాస్ బాబు ఉన్నాడు. ఆమెని మళ్ళీ పిలవొచ్చు.

చెబితే నేను రెండుసార్లు అబద్ధం ఆడినట్టు. కాదు. రాయగడలో ఒకటి, రికార్డు గదిలో ఒకటి, బల్ల ముందు ఒకటి. వాళ్ళతో కలిసి నవ్వినది వేరే.

నరసమ్మ నీళ్ళకి వెళ్ళినప్పుడు గోడకి చెప్పి చూశాను. బొట్టు నేనే పెట్టాను. మూడు మాటలు. గొంతు వచ్చింది. మళ్ళీ చెప్పాను. వచ్చింది. రావు గారి మొహం తలుచుకుని చెప్పాను...

గోడకి సున్నం రాలుతోంది. వెయ్యాలి.

24, సోమవారం

ఈ పుస్తకం మొదటిసారి ఆఫీసుకి తెచ్చాను. రికార్డు గదిలో కూర్చుని రాస్తున్నాను. తలుపు దగ్గరగా వేసి ఉంది.

పొద్దున చీటీ జేబులో పెట్టుకున్నాను. గేటు దగ్గర తీసి పుస్తకంలో పెట్టాను. ఇక్కడికి వచ్చాక మళ్ళీ జేబులో.

బస్సు హారన్ విన్నాను.

వరండాలో రావు గారి నవ్వు. దాస్ బాబు గొంతు. "మౌసా ఏడి? రాయగడ వచ్చిన మౌసా?"

"ఎవరు, అప్పన్నా? ఉంటాడు ఎక్కడో మూల. వాడితో మీకేం పని?"

దాస్ బాబు ఏదో అన్నాడు. వినిపించలేదు. రావు గారి నవ్వు ఆగింది.

ఇద్దరూ కంప్యూటర్ గది ముందు చెప్పులు విడవడం లేదు. అడుగులు గుమ్మం దాటి ఇటే వస్తున్నాయి.

బొట్టు నేనే